హెస్టర్ కుట్టిన దిండు

“దిండులో గుర్రపు నాడా పెట్టి కుట్టావా?” ఆంబ్రోస్ చేతిలోని టీ కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది.

“అదృష్టం కలిసొస్తుందని పెట్టాను తాతా,” అంది హెస్టర్. “మన ఊరి పేరు పెట్టుకున్న ఓడ కదా! ఊరంతా మేజోళ్ళు అల్లి పంపింది. నేనొక్కదాన్నే ఊరుకోనా?”

“నీ అదృష్టం తగలెయ్య! మైన్లు ఏరే ‘మార్ల్‌హామ్’ని చెక్కతో ఎందుకు కట్టారనుకున్నావే? యుద్ధం అయి పదేళ్ళయినా అప్పుడు ఓడల్ని పేల్చడానికి వేసిన మైన్లు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. పైన ఇనుము కదిలితే చాలు, పేలిపోయే రకాలున్నాయి. ఆ ఓడలో వంటవాడి గరిటె కూడా ఇత్తడిదే!”

నావికాదళంలో ఇరవై ఏళ్ళు మైన్లు ఏరిన ముసలాయన మాట అది. హెస్టర్ గబుక్కున లేచింది. ఆ ఓడకి చుక్కాని పట్టేది ఆమె తమ్ముడు విల్ఫ్. తల్లి పోయాక తనే పెంచుకున్న తమ్ముడు. “కుర్చీలో వేసుకోరా” అని దిండు పొద్దున వాడి చేతికే ఇచ్చింది. లోపల ఏముందో చెప్పలేదు.

“ఇప్పుడు ఆపలేమా తాతా?”

“ఎలా ఆపుతావ్? అదిగో చూడు.”

ఊరి ముందున్న సముద్రంలో ‘మార్ల్‌హామ్’ ఒక పక్కగా మైన్లని పట్టే పొడుగాటి తీగ ఈడుస్తూ నెమ్మదిగా పోతోంది.

హెస్టర్ కట్టుకున్న ఏప్రన్‌తోనే ఒడ్డుకి పరిగెత్తింది. గులకరాళ్ళ మీద రెండుసార్లు పడి లేచింది. “విల్ఫ్! వెనక్కి వచ్చెయ్యరా!” అని గొంతు చించుకుంది. ఎదురుగాలికి ఆ అరుపు ఆమెకే సరిగా వినపడలేదు.

అంతలో పెద్ద చప్పుడైంది. చర్చి గోపురం ఎత్తున నీళ్ళు లేచాయి. ఓడ కనిపించలేదు.

మంచికి పోతే చెడు ఎదురైంది. “నా చేతులారా చంపుకున్నాను,” అంటూ హెస్టర్ అక్కడే కూలబడింది.

నీళ్ళు దిగాక చూస్తే ఓడ చెక్కు చెదరకుండా ఉంది.

సాయంత్రం విల్ఫ్ ఇంటికొచ్చాడు. మొహంలో ఇంకా నెత్తురు చుక్క లేదు.

“వెంట్రుకవాసిలో బతికామక్కా. ఆ మైను సరిగ్గా మేం వెళ్ళాల్సిన దారిలోనే ఉంది. నేను తెలీకుండానే ముప్పై గజాలు పక్కకి పోనిచ్చాను. మా తీగ తగిలి దూరాన పేలింది. దారి తప్పినందుకు తిట్టబోయిన కెప్టెన్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు!”

“ఎలా తప్పావురా?”

“అదే అర్థం కావట్లేదు. పొద్దుటి నుంచీ దిక్సూచి తప్పు చూపిస్తోంది.”

“అది సరే, నా దిండు ఎక్కడుందిరా? ముందు దాన్ని తీసి పారెయ్యి!”

విల్ఫ్ తల గోక్కున్నాడు.

“కోప్పడకక్కా, కూర్చుంటే గుచ్చుకుంటోందని దిక్సూచి పక్కన పెట్టాను.”