ఎనిమిదికి ఆగే వైఫై

“ఎన్ని గోడలు దాటుతుంది బాబూ ఇది?”

ఎజ్రా చూస్తున్న ఫోను పక్కన పెట్టి తలెత్తాడు. ముగ్గుబుట్టలాంటి తల, నేతచీర, చేతిలో గుడ్డసంచి. ఆవిడ వేలు షోకేసులోని నల్లటి రౌటరు మీద ఉంది. ఎనిమిది యాంటెనాలతో, వెల్లకిలా పడ్డ పీతలా ఉంటుందది. రాజమండ్రిలో అంత ఖరీదైనది తన షాపులో తప్ప లేదని ఎజ్రాకి గర్వం. ఏడు నెలలుగా అది కదల్లేదని దిగులు. వచ్చినవాళ్ళందరూ దాన్ని ముట్టుకుని చూసి, ఫొటో తీసుకుని, ఇంటికెళ్ళి ఆన్‌లైన్లో తెప్పించుకునేవారు.

“అది పెద్ద పెద్ద ఇళ్ళకండి మామ్మగారూ. మీకు ఈ చిన్నది సరిపోద్ది.”

“చిన్నది ఉంది. కేబులతను పెట్టి వెళ్ళాడు. ఆపితే అందరికీ ఆగుద్ది, లేదంటే ఎవరికీ ఆగదు. నాకు ఏ ఫోనుకి ఆ ఫోనుకి విడిగా టైము పెట్టుకునేది కావాలి. నెల రోజుల్నుంచి వీడియోలు చూస్తున్నాను. దీనికి మించింది లేదంటున్నారు.”

ఎజ్రా స్టూలు తెచ్చి వేశాడు. ఆవిడ పేరు పాపాయమ్మ. కోరుకొండ నుంచి బస్సులో వచ్చింది.

“టైము ఎవరికండి పెట్టాలి?”

“పిల్లలకి. ఇద్దరూ మగపిల్లలే. పెద్దాడు స్కూలు నుంచి వస్తూనే చొక్కా కుర్చీలో పడేసి ఫోను పట్టుకుంటాడు. స్కూలు నుంచి మూటెడు కాగితాలు తెస్తాడు, తెల్లారేదాకా మూట విప్పడు. చిన్నాడిది ఆటల పిచ్చి. సిగ్నలు అందట్లేదని మొన్న డాబా మీద నీళ్ళ ట్యాంకెక్కాడు. దింపడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చింది.”

“వైఫై ఆపితే సిమ్ములో డేటా వాడతారు కదండీ?”

“మా వీధికి కొండ అడ్డం. ఏ సిమ్ముకీ అందదు.”

“ప్లగ్గు పీకేస్తే పోద్ది కదండీ?”

“పీకాను. పెద్దాడు అన్నం మానేసి ముసుగుతన్ని పడుకున్నాడు. పైగా నా భజన ప్రోగ్రాం కూడా ఆగిపోయింది. నా ఫోనుకి మాత్రం ఆగకూడదు బాబూ.”

ఎజ్రా నవ్వు ఆపుకున్నాడు. “వాళ్ళమ్మ మాటైనా వినరా అండి?”

“అమ్మ మాట వినే వయసా అది!”

“మరి నాన్నగారు?”

పాపాయమ్మ సంచి తాడు వేలికి చుట్టుకుంది. “వాళ్ళ నాన్న పోయి మూడేళ్ళయింది. అంతకుముందు ఎనిమిది కొట్టేసరికి అందరం ఒకేచోట కూర్చుని తినేవాళ్ళం. ఇప్పుడు కంచంలో ఏం పడిందో కూడా చూసుకోరు. పరీక్షకని ఒకరోజు పప్పుచారులో ఉప్పు వెయ్యలేదు. ఇద్దరూ గుటగుటా తాగేశారు. నాకు ఏడుపొచ్చింది. పగలల్లా ఎలా పోయినా ఫర్వాలేదు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, ఆ ఒక్క గంటా నాకు కావాలి.”

కడుపున పుట్టినవాణ్ణి పోగొట్టుకుని, ఈ వయసులో మనవల్ని సాకుతోందన్నమాట ఈ ముసలావిడ. తండ్రి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఎజ్రాకి తెలుసు. అతని తండ్రి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. తల్లి చేపలు అమ్ముకుని ఇంటికొచ్చేసరికి తను వీధుల్లో తిరుగుతూ ఉండేవాడు. ఆవిడ కూడా ఒక్కతే కూర్చుని తినేదని ఇప్పుడు తట్టింది.

“ఆన్‌లైన్లో రెండు వేలు తక్కువుంది. చూసే వచ్చాను,” అంది పాపాయమ్మ.

మామూలుగా అయితే ఆ మాటకి ఎజ్రా దగ్గర పావుగంట ఉపన్యాసం సిద్ధంగా ఉంటుంది. డబ్బా వస్తుంది గాని డబ్బాతో మనిషి రాడు, పాడైతే ఎవరి కాలరు పట్టుకుంటారు, ఇలాంటివన్నీ. ఈసారి అవేవీ నోట్లోంచి రాలేదు.

“ఆ రేటుకే ఇస్తానండి. ఆదివారం మా ప్రార్థన అయ్యాక నేనే కోరుకొండ వచ్చి బిగిస్తాను. ఛార్జీ ఏమీ వద్దు. మీవాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు కూడా చెప్తాను. పరాయివాడు చెప్తే కాస్త భయం ఉంటదండి.”

“చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది. పెద్దాడికి ఒకళ్ళకి చెప్పడమే గాని ఒకళ్ళు చెప్తే వినడం అలవాటు లేదు.”

“నేను వినిపిస్తాగా!”

ఎజ్రా షోకేసు తాళం తీశాడు. ఏడు నెలల దుమ్ము తుడిచి రౌటరుని షాపు లైనుకి తగిలించాడు. దాని యాప్ పాపాయమ్మ ఫోనులో ఎక్కించాడు. పెద్దావిడకి ఆదివారానికల్లా ఆ యాప్ నొక్కడం అలవాటవుతుందని అతని ఉద్దేశం. పక్క కొట్టు నుంచి రెండు పెద్ద చాక్లెట్లు తెప్పించి సంచిలో వేశాడు.

“ఇవెందుకు బాబూ?”

“పిల్లలకండి. రాగానే వైఫై ఆపేస్తే బెంగెట్టుకుంటారు.”

“పెద్దాడు తినకూడదు. చిన్నాడికి పెడతాను.”

“ఆయ్, పళ్ళు పాడవుతాయి లెండి,” అన్నాడు ఎజ్రా. అని, ఫోను ఆవిడకి కనిపించేలా తిప్పాడు. “ఇదుగోండి, ఒక్కొక్కరికీ ఒక పేజీ. పెద్దబాబు పేరు?”

“చంద్రరావు.”

తాతగారి పేరు పెట్టుకున్నారు కాబోలు అనుకుంటూ కొట్టాడు. “రాత్రి ఎనిమిదికి బందు, తొమ్మిదికి మళ్ళీ వస్తుంది. అంతేనండి, ఇంకొక్కటి. వయసు అడుగుతోంది. పన్నెండు లోపా, పైనా?”

పాపాయమ్మ కళ్ళజోడు సవరించుకుని తెర వైపు వంగింది.

“పెద్దాడికి వచ్చే నెల్లో షష్టిపూర్తి.”