పేరు తరవాత చెబుతారట

“పేరు కూడా లేనివాడికి నా ఇంట్లో గది ఇవ్వమంటావా, ఫ్లాయిడ్?” అంది బర్నీస్ నోవాక్, కాఫీ గిన్నెను పొయ్యి మీద దభాలున పెట్టి.

ఫ్లాయిడ్ హాస్కిన్స్ టోపీ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అతని బూట్లకు అంటిన మంచు కరిగి, ఆమె అప్పుడే తుడిచిన నేల మీద మడుగు కడుతోంది. అతను ఊరి బేస్‌బాల్ జట్టుకు మేనేజరు. ఏటా జట్టులోని బ్రహ్మచారులకు బర్నీస్ ఇంట్లోనే బస.

“పేరుంటుంది బర్నీస్. తరవాత చెబుతారు, అంతే.”

“అంతేనా! బంగారంలాంటి ఎమెట్‌ను టౌనర్ సిటీ వాళ్ల చేతిలో పెట్టి నువ్వు తెచ్చిందేమిటి? ఉత్త మాట! గొడ్డునమ్మేవాడు కూడా బేరం తేలాకే పలుపు వదులుతాడు.”

“ఈ ఆటలో అది మామూలే. ముందు మనవాడు వెళ్తాడు. సీజన్ మొదలయ్యేలోగా వాళ్ల జట్టులోంచి ఎవరో ఒకరు మనకొస్తారు. ఎవరినిచ్చినా కాదనకూడదు, అదీ ఒప్పందం.”

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ అంతా తలకిందులు. బేరం ముగిసింది, మనిషి వెళ్లిపోయాడు, పేరే లేదు.

“ఎమెట్ స్థానంలో వచ్చేవాడు ఎవడైనా సరే, నా గడప తొక్కడు. పో!” అంది బర్నీస్. ఫ్లాయిడ్ కాఫీ తాగకుండానే పోయాడు.

ఎమెట్ ట్రాస్క్ జట్టుకు క్యాచర్. మీసాలు సరిగ్గా రాని వయసులో ఆమె ఇంటి మేడగదిలో దిగాడు. గొంతుక్కూర్చుని బంతులు పట్టీ పట్టీ మోకాళ్లు అరిగిపోయినా, ఇంటి ముందు మంచు ఎత్తే పని ఆమెను ఎన్నడూ చేయనివ్వలేదు. మొదటి ఏడాదే “మిసెస్ నోవాక్” పోయి “అమ్మా” వచ్చింది. వెళ్లేరోజున పెట్టె సర్దుకుంటూ, “వాళ్లకి నేను కావాలటమ్మా. ఈ వయసులో నన్ను అడిగి మరీ తీసుకుంటున్నారు” అన్నాడు. ఆ ముఖంలో సంతోషం చూసి ఆమె ఏడుపు దిగమింగుకుంది.

ఆ దుఃఖమంతా చలికాలం పొడుగునా కోపమై జట్టు మీద పడింది. పేపరు తెరిస్తే చాలు, ఒంటికాలి మీద లేచేది.

“ఎడమచేతి పిచ్చర్‌ను తెచ్చారట! వాడు విసిరితే పట్టేవాడేడీ?” అంది ఒకరోజు మాంసం కొట్టులో.

“ఫస్ట్ బేస్ కాసేవాణ్ణి కూడా మార్చేశారుగా,” అన్నాడు కొట్టు యజమాని ఓరిన్, కత్తి నూరుతూ. “షార్ట్‌స్టాప్ స్థానానికీ కొత్తవాడొచ్చాడు. ఇక లోటు క్యాచర్ ఒక్కడే. నీకు ఖాళీయేగా బర్నీస్, నువ్వే కూర్చో!”

“కూర్చుంటాను. ముందు ఫ్లాయిడ్ నెత్తిన బంతేసి కొట్టి, ఆ తరవాత కూర్చుంటాను!”

ఎమెట్ మొదట్లో ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. అక్కడ ఎండ బాగుందనేవాడు. ఇంకో కుర్ర క్యాచర్ కూడా ఉన్నాడని ఒకసారి అన్నాడు. ఆ తరవాత ఫోన్లు ఆగిపోయాయి. “ఊపిరాడనంత ఆడిస్తున్నారన్నమాట. ఆటగాడి విలువ తెలిసినవాళ్లు,” అని బర్నీస్ వీధంతా చెప్పుకుంది. మేడగదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

మంచు కరిగి సీజన్ దగ్గర పడింది. ఒక ఉదయం ఫ్లాయిడ్ ఫోన్ చేశాడు.

“పేరు తేలింది బర్నీస్. మధ్యాహ్నం బస్సుకి దిగుతున్నాడు. ఒక్కమాట విను, వచ్చేవాడు...”

“పేరు నాకు చెప్పకు! నా గుమ్మానికి పంపకు!” అని ఠపీమని పెట్టేసింది.

అయినా మధ్యాహ్నం తలుపు గంట మోగింది. తెర సందులోంచి చూస్తే ఒక పెట్టె అంచు, బూటు కొన కనిపించాయి. బర్నీస్ గొళ్లెం బిగించి, తలుపు వెనక నుంచే అందుకుంది.

“వచ్చావూ? ఇక్కడ గది లేదు! ఎమెట్ ట్రాస్క్‌కి బదులు నువ్వా? సిగ్గు లేదూ! పనికొచ్చేవాడివైతే నిన్ను నీ జట్టు వదులుకునేదా? ఆర్నెల్లు వెతికి వెతికి, ఎవడు పోతే నష్టం లేదో వాణ్ణి మా మొహాన కొట్టారు. ఎవరికీ అక్కర్లేని సరుకువి నువ్వు, తెలిసిందా?”

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

“నోరు పెగలదేం? ఎమెట్ చెప్పులు మొయ్యడానికి కూడా పనికిరావు!”

తెర సందులో పెట్టె అంచు ఇంకా అక్కడే ఉంది. ఆ మొండితనానికి ఆమె ఒళ్లు ఇంకా మండింది. మిగతాది మొహం మీదే అనాలని గొళ్లెం తీసి తలుపు బార్లా తెరిచింది.

“నా బదులు నన్నే ఇచ్చారమ్మా,” అన్నాడు ఎమెట్.