పాపం ఎవరి మీద

"ఇడువు సుగుణక్కా, ఇడువు! అంజమ్మ పిలుస్తుంది, నేను పోవాలె!"

ఏసమ్మ తోడబుట్టిన సుగుణక్క చచ్చిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఏసమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజుతున్నది ఆమె కోడలు నిరోష. వానకాలంలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ అత్తకు మనుషులు గుర్తుండటం లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో చూపిస్తే, వయసు మీద పడింది, కనిపెట్టుకుని ఉండండని పంపించేశారు. ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టర్ పాల్ గారినే పట్టుకుని, "కరెంటు బిల్లు కొట్టనీకి వచ్చినవా బిడ్డా?" అని అడిగేసింది. ఆయన మొహం చూడాలి అప్పుడు! మళ్లీ ఆ గడప తొక్కితే ఒట్టు.

బయట కోడేరు వాడకట్టంతా సద్దుల బతుకమ్మ సందడి. తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చిన బతుకమ్మలను నడిమధ్యన దించి ఆడవాళ్లు చుట్టూ చేరుతున్నారు. ఏసమ్మ ఎప్పుడు తీసిందో ఏమో, పెట్టె అడుగున ఉన్న పసుపుపచ్చ చీర కట్టుకుంది. మతి పోయినా కుచ్చిళ్లు మాత్రం ముద్దుగా కుదిరాయి.

నిరోషకు ఏడుపొక్కటే తక్కువ. ఈ ఇంట్లో బతుకమ్మ పేరెత్తనివ్వనిది ఈ మహాతల్లే కదా! ప్రార్థన మందిరంలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. తొమ్మిది రోజులూ పొద్దుగూకితే తలుపుకు గడియ పడేది. పెళ్లయిన కొత్తలో నిరోష గడపలో నిలబడి ఊరికే చప్పట్లు కొడితే, రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"మా కొత్తకోటల మేం గూడ మందిరానికి పోయేటోళ్లమే అత్తమ్మా. అయినా అందరితోని ఆడ్తుంటిమి. పూలే కద," అంది నిరోష ఆనాడు.

"ఉట్టి పూలైతె నేనేమంటుంటి? నడుమల పసుపు గౌరమ్మను పెట్టి మొక్కుతరు. మనం మొక్కేది ఒక్క దేవునికే," అని ఏసమ్మ తేల్చేసింది. ఆ మాట మీద నిరోష ఇన్నేళ్లూ పండుగ పాటలు కిటికీలోంచే విన్నది.

పక్కింటి అంజమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. "పంపియ్యవే నిరోషా. మందిరం కట్టకముందు మీ అత్త పాట ఎత్తుకుంటెనే ఆట మొదలైతుండె. మతి లేని మనిషిని ఎవలేమంటరు?"

"మతి ఉన్నప్పుడు వద్దనుకున్నది కద పెద్దమ్మా. ఇప్పుడు మతి లేదని నేనెట్ల పంపాలె?"

హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసే మొగుడు ప్రదీప్‌కు ఫోన్ చేసింది. "నాకేం తెల్వదు, అయ్యగారిని అడుగు," అని చేతులు దులుపుకున్నాడు. అత్తను పట్టుకోవడానికి రెండు చేతులూ చాలడం లేదు. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, కిటికీలో ఆనించి, పాస్టర్ గారికి చేసింది.

"వందనాలయ్యగారూ, మా అత్తమ్మ ఆటకు పోతనని గోలగోల చేస్తుంది. ఏం చెయ్యమంటరు?"

"తలుపెయ్యమ్మా. తెలివుంటే ఆమె పోతుండెనా? ఇప్పుడు పోయినా ఆమెకేం పాపం లేదు, పసిపిల్ల లెక్క. పాపం పంపిన నీ మీదికొస్తది. ఆదివారం సంఘం ముందట నువ్వే జవాబు చెప్పాలె. ప్రభువు బల్ల కాడ రొట్టె, ద్రాక్షరసానికి గూడ దూరం పెడ్తరు, మరి నీ ఇష్టం."

నిరోష గడియ పెట్టేసింది. ఏసమ్మ ఈసారి అరవలేదు. తలుపు దగ్గర కూలబడి, చెక్కకు చెవి ఆనించి, పాట వింటూ ఏడవసాగింది.

"ఒక్కపారి సుగుణక్కా. ఒక్కపారే."

ఆ సన్నటి మణికట్టు మీద నిరోష వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. అవి చూసేసరికి నిరోష మనసు నీరైపోయింది. ఆపితే ఈ ఏడుపు చూడలేదు, పంపితే ఆదివారం తలెత్తలేదు. "ఏం జెయ్యమంటవో నువ్వే చెప్పు దేవా," అనుకుంది. బయట ఇంకో పాట మొదలైంది. నిరోష గడియ తీసింది.

ఏసమ్మ వరుసలో కలవగానే అంజమ్మ పసుపు పెట్టబోయింది. ఏసమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. అందరూ గౌరమ్మకు మొక్కినప్పుడూ నిటారుగా నిలబడే ఉంది. పాత అలవాటు పోలేదు పాపం అనుకుంది నిరోష. ఆ తర్వాత ఏసమ్మ పాట ఎత్తుకుంది. మొదట గొంతు జీరపోయినా, రెండో చరణానికి వాడంతా ఆమె వెనకే పాడింది. అడుగు తప్పలేదు, చప్పట్లు తప్పలేదు.

అత్త చెప్పులు చేత్తో పట్టుకుని నిరోష దూరంగా నిలబడింది. ఆమె కాళ్లూ ఆగనంటున్నాయి. మతి ఉన్న పాపానికి కదలలేకపోయింది. అటుగా పోతున్న మందిరం ఆడవాళ్లిద్దరు ఆగి చూసి, నోరు నొక్కుకుని వెళ్లిపోయారు.

ఆట అయ్యాక అత్తను ఇంటికి తీసుకొచ్చి, మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించింది. దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లు తడిగుడ్డతో తుడుస్తుంటే ఇంక ఏడుపు ఆగలేదు.

"తప్పు నాది దేవా. ఆమె మీద వెయ్యకు," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆదివారం అయ్యగారు అందరి ముందట నిలబెట్టి అడుగుతడు. నేనేం చెప్పాలె?"

"నాకు మతి లేదని చెప్పు నిరోషా," అంది ఏసమ్మ.