గాలి సాక్ష్యం

అద్దానికి అవతల గాలి హోరు మొదలైంది. ఇవతల బల్ల మీద అప్పలనర్సమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

సొరంగంలాంటి పెద్ద గొట్టం అది. లోపల ఇనప కడ్డీ మీద మూరెడు విమానం బొమ్మను నిలబెట్టారు. దానికి ఒళ్ళు వేరు, రెక్కలు వేరు కాదు. అంతా కలిపి ఒకటే పలక. తోక లేదు. పైనంతా తెల్ల దారప్పోగులు అతికించారు. గాలి సవ్యంగా పారుతుంటే ఆ పోగులు దువ్విన జుట్టులా పడుకుని ఉంటాయి. తేడా వస్తే చెదిరి కొట్టుకుంటాయి.

ఇదే ఆకారంలో, ఒక మనిషి కూర్చుని నడిపే విమానం పోయిన వానాకాలంలో ఊరి బయట సాలువా అవతల కూలిపోయింది. నడిపింది అప్పలనర్సమ్మ కొడుకు బుజ్జిబాబు.

“మన విమానమే అమ్మా, భయపడకు,” అని నవ్వుకుంటూ వెళ్ళాడు ఆ పొద్దున. కొత్త ఉద్యోగం మోజు అనుకుందామె. మళ్ళీ రాలేదు.

విమానం తయారుచేసిన కంపెనీ ఒక్క మాటతో చేతులు దులుపుకుంది. కుర్రాడు తొందరపడి ముక్కు మరీ పైకి లాగేశాడు, విమానంలో ఏ లోపమూ లేదు అంది. పోయినవాడు తిరిగొచ్చి కాదనడు కదా. ఆ మాట పేపర్లో వచ్చింది. వాళ్ళుండే నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో కుళాయి దగ్గరికీ వచ్చింది. పక్కింటి బెంగాలీ దీదీ ఓదార్చబోయి, “కుర్రతనం, ఏం చేస్తాం,” అంది. అప్పలనర్సమ్మ ఆ రోజు నుంచి కుళాయికి వెళ్ళడం మానేసింది. కొడుకు పోయినందుకు ఏడవాలో, పోతూ పోతూ ఆ పేరు మోసినందుకు ఏడవాలో తెలియక రెండింటికీ ఏడ్చింది.

ఈ పరీక్ష పెట్టించింది కూతురు ప్రశాంతి. ఈ గాలి గొట్టం ఉన్న కాలేజీలోనే ఇంజనీరు. కంపెనీలకి విమానాల లెక్కలేవో కట్టిస్తుందని తప్ప ఆమె పనేమిటో తల్లికి తెలియదు. తమ్ముడి పెద్దకర్మ అయిన మర్నాటి నుంచి ప్రొఫెసర్ వేణుగోపాల్ గారి వెంటపడింది. సరిగ్గా తినడం మానేసింది. ఇంట్లో ఎవరి కళ్ళలోకీ చూడ్డం మానేసింది. తమ్ముడంటే అంత ప్రాణం మరి.

ప్రశాంతి మీట నొక్కింది. విమానం ముక్కు కాస్త లేచింది. పోగులు చెదరలేదు. ఇంకాస్త లేపింది. అప్పుడూ చెదరలేదు.

“ఏటే పిల్లా, ఏటీ అవనేదేటి?” అంది అప్పలనర్సమ్మ.

“ఆగమ్మా.”

వేణుగోపాల్ గారు గొంతు తగ్గించారు. “ప్రశాంతీ, ఇక్కడితో ఆపేద్దామా? ఇంకా పెంచితే ఏం బయటపడుతుందో తెలీదు. తర్వాత దాచలేం.”

అప్పలనర్సమ్మకు ఒళ్ళు మండింది. ఈయన కూడా కంపెనీ మనిషేనన్నమాట.

“ఆపీడానికి ఒచ్చినామేటి బాబూ? నా కొడుకు పేరు తిరిగి ఇప్పించండి, సాలు!”

ఆయన ఆమెకేసి చూసి తల దించుకున్నారు.

“పెంచుతున్నాను సార్,” అంది ప్రశాంతి.

ముక్కు ఇంకా లేచింది. రెక్కల చివర్న పోగులు ఒక్కసారిగా చెదిరి గిలగిల కొట్టుకున్నాయి. కంప్యూటర్ తెర మీద ముక్కు లేచే ఊపును చూపే గీత, కిందికి దిగాల్సింది, పైకి తిరిగింది. రెక్కల వెనక అంచున ముక్కు దించే చిన్న పలకలను ప్రశాంతి చివరికంటా వంచింది. గీత దిగలేదు. మళ్ళీ మొదటి నుంచి చేసింది. మళ్ళీ అంతే.

వేణుగోపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మా, మీ అబ్బాయి ముక్కు పైకి లాగలేదు. దానంతటదే లేచిపోయింది. ఆ ఆకారంలోనే తప్పుంది. ఎవరు నడిపినా కూలిపోయేదే.”

గాలి ఆగింది. అప్పలనర్సమ్మ బావురుమంటూ కూతుర్ని కావిలించుకుంది.

“తమ్ముడి పేరు నిలబెట్టినావే నా తల్లీ! నీ రుణం తీర్చుకోనేనే!”

ప్రశాంతి కట్టెలా నిలబడింది. కంట్లో చుక్క నీరు లేదు.

ఏడుపు తగ్గాక తల్లికి కోపం పొంగుకొచ్చింది.

“దీన్ని గీసినోడు ఎవుడే? కంపెనీ ఆడి పేరే సెప్పనేదు. కూడు తింటన్నాడా? నిద్దరోతన్నాడా? ఆడికి తల్లి నేదేటి? ఆడి మొకం నానోసారి సూడాల. సూపించే!”

వేణుగోపాల్ గారు గదిలోంచి వెళ్ళిపోయారు.

ప్రశాంతి తల్లి ముందు నేల మీద కూలబడి, ఆమె చేతులు రెండూ తీసి తన చెంపలకు ఆనించుకుని, “నేనే గీసినానమ్మా,” అంది.