ఫ్రెంచి బాల్కనీ

వీరేంద్రది యానాం. గల్ఫులో ఉండటానికిచ్చే ఇఖామా రద్దు చేయించుకుని రేపు ఊరెళ్లిపోతున్నాడు. అందుకని ఫర్వానియాలో మా గది బాల్కనీని ఇవాళ మాతోనే ఉండే అమలాపురం అచ్చిబాబుకి అప్పగించాడు.

యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది కాబట్టి ఈ బాల్కనీ కూడా ఫ్రాన్సేనని వీరేంద్ర గదిలో చేరిన రోజే ప్రకటించాడు. అప్పట్నించీ బట్టలారేయడానికి ఎవరు వెళ్లినా గుమ్మంలో ఆగి "బోంజూర్" అనాల్సిందే.

అప్పగింత పద్ధతిగానే జరిగింది. తీగ మీంచి నీలం లుంగీ దించి, అచ్చిబాబు గళ్ల తువ్వాలు ఎక్కించారు. ఇద్దరూ నిటారుగా నిలబడ్డారు.

నూనె డబ్బాలోని కరివేపాకు మొక్క దగ్గర పేచీ వచ్చింది.

"మొక్క నాదండి. పట్టుకుపోతాను" అన్నాడు వీరేంద్ర.

"మీ ఊరు ఇచ్చేసినప్పుడు ఫ్రెంచోళ్లు కొబ్బరిచెట్లు పీక్కెళ్లేరేంటండి?" అన్నాడు అచ్చిబాబు.

వీరేంద్ర తగ్గాడు కానీ ఊరి పరువు వదల్లేదు. "ఆయ్, మా తాతని మటుకు అడిగేరండి. ఫ్రాన్సువోడిగా ఉంటావా, ఇండియావోడిగా ఉంటావా అని."

"మరి అడగాలి కదండి. అందులో ఉన్న మనుషుల్ని అడక్కుండా ఎలా ఇచ్చేత్తారు?"

ఇద్దరూ కౌగిలించుకున్నారు. తర్వాత అచ్చిబాబు బాల్కనీ అంతా కలయజూసి, మూలనున్న మడతమంచం తీయించి అక్కడ వాషింగ్ మెషిన్ పెట్టిస్తానన్నాడు.

నాలుగేళ్లుగా ఆ మంచం మీద పడుకుంటున్నది నేనే. ఆ మాటే చెబుదామని గుమ్మంలో ఆగి "బోంజూర్" అన్నాను.

"అది పాత ప్రభుత్వం. ఇక నుంచి నమస్కారం అనాలి" అన్నాడు అచ్చిబాబు.

నమస్కారం పెట్టి, బాల్కనీలోకెళ్లి పరుపు చుట్టాను.