వేడి మీద స్టార్టవని కారు

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది నలుగురు: మెకానిక్, అతని భార్య, అతని తల్లి, నోట్లో నాలుక లేని అతని చెల్లెలు. వాకిట్లో ఉన్న కారుతో కలిపి ఐదుగురని మెకానిక్ లెక్క. ఆ లెక్క మీదే గొడవ.

అన్నానికి రమ్మని భార్య మూడుసార్లు పిలిచింది. షెడ్డులోంచి జవాబు లేదు. నాలుగోసారి పిలవలేదు. బట్టలు పెట్టెలో కుక్కి, పెట్టెను కారు వెనక సీట్లో పడేసి, తాళం తిప్పింది. ఇంజిన్ రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

చేతిలో గుడ్డముక్కతో మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడే కదా బయట తిప్పుకొచ్చి ఆపాను! వేడి మీద స్టార్టవదని తెలుసుగా?"

"పుట్టింటికి పోతున్నాను," అంది భార్య.

"అది సరే. తాళం తిప్పినప్పుడు పెట్రోలు వాసన వచ్చిందా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "వచ్చింది."

"బాగా?"

"బాగానే."

"అనుకున్నా!" అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "చల్లారేదాకా అది కదలదు కదమ్మా. ఈలోగా లోపలికొచ్చి నాలుగు మెతుకులు తిను."

"దానికి పెట్టండి అత్తయ్యా, నా సవతికి. నేను మూడుసార్లు పిలిస్తే పలకని మనిషి, అది ఒక్కసారి మూలిగితే వచ్చాడు."

మెకానిక్ అప్పటికే బానెట్ ఎత్తాడు. అది పాతకాలం రోటరీ ఇంజిన్. పైకీ కిందికీ ఆడే పిస్టన్లు దానికి లేవు. లోపల మూడు మూలల ముక్కలు గిరగిరా తిరుగుతుంటాయి.

"మీలాగే," అంది భార్య కారులోంచి. "తిరిగిన చోటే తిరగడం."

"పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారుతోంది," అన్నాడతను, తనకు చెప్పిన మాట కానట్టు. "ఇంజిన్ ఆపాక కూడా పెట్రోలు బొట్లుబొట్లుగా లోపలికి పడి అంతా తడిసిపోతోంది. నోటి నిండా నీళ్లు పోసి మాట్లాడమంటే ఎవరు మాత్రం మాట్లాడతారు? ఇవాళ దీని సంగతి తేల్చేస్తా."

"ఇన్నాళ్లూ లేని తొందర ఇవాళేం వచ్చింది? నన్ను పంపించడానికా?"

"వాసన ఇంకా ఉంది కదా. ఇప్పుడైతే దొంగ దొరుకుతుంది."

ఇంజెక్టర్లన్నీ ఊడదీసి, వాటి కింద పళ్లెం పెట్టి, పెట్రోలు పంపు ఆడించాడు. మూడు పొడిగా ఉన్నాయి. నాలుగోదానికి జలుబు చేసిన పిల్లాడి ముక్కులా బొట్టు వేలాడుతోంది. షెడ్డులో వెతికి ఇంకొకటి తెచ్చి బిగించాడు. లోపల నిలిచిన పెట్రోలు బయటికి పోవాలంటే పంపు పనిచెయ్యకూడదు. అందుకని దాని ఫ్యూజు తీసి మడ్‌గార్డు మీద పెట్టాడు.

"యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి తాళం తిప్పు," అన్నాడు భార్యతో.

ఆమె కసిగా తొక్కింది. కారు వెనక నుంచి తెల్లటి పొగ దగ్గుతూ బయటికొచ్చింది. ఆ పొగలో తల్లి నెమ్మదిగా ఫ్యూజు తీసి గుప్పిట్లో దాచుకుంది.

"ఫ్యూజు ఇటివ్వమ్మా," అన్నాడు మెకానిక్, తలెత్తకుండానే.

"బాగుచెయ్యకురా," అంది తల్లి గుసగుసగా. "పెళ్లాం పోతోందిరా."

"జబ్బేమిటో తెలిశాక ఎలా వదిలేస్తానమ్మా?"

ఫ్యూజు పెట్టాక కారు స్టార్టయింది. మెకానిక్ సంతోషించలేదు.

"ఈ పనిలో చల్లారిపోయింది. చల్లగా ఉంటే ఎప్పుడైనా స్టార్టవుతుంది. వేడెక్కనీ, అప్పుడు చూద్దాం."

నలుగురూ ఇంజిన్ చప్పుడు వింటూ ఉన్నారు. వేడి చూపే ముల్లు సగం దాకా లేచింది. గేటు బార్లా తెరిచి ఉంది. భార్య గేటు వైపు చూసింది. పెట్టె వైపు చూసింది. ఎత్తిన బానెట్ పక్కగా కనిపిస్తున్న మొగుడి వీపు చూసింది. తర్వాత చెయ్యి చాచి తాళం వెనక్కి తిప్పేసింది.

ఇంజిన్ ఆగిపోయింది.

"అయ్యో, ఆపేశాను," అంది ఎటో చూస్తూ. "ఇక చల్లారేదాకా లేవదు. ఏం చేస్తాం, అందాకా లోపల కూర్చుంటాను." ఒక కాలు కింద పెట్టింది కూడా. అత్తగారు ఒక్క ఉదుటున వెళ్లి వెనక సీట్లోని పెట్టె పట్టుకుంది.

"అన్నయ్యా," అంది చెల్లెలు. పొద్దుటి నుంచీ ఆ పిల్ల నోరు విప్పడం అదే. "వదిన కావాలనే ఆపేసింది."

"మంచి పని చేసింది. నేనే ఆపమందామనుకున్నా. పెట్టె కదిలించకమ్మా. నువ్వూ దిగకు. వేడి లోపలికి బాగా పట్టనీ."

ఆమె కాలు మళ్లీ లోపలికి తీసుకుంది. తలుపు దగ్గరగా లాగుకుంది. అతను పెట్రోలు గొట్టానికి తగిలించిన ఒత్తిడి మీటరు ముందు వంగి కూర్చున్నాడు.

"చూడు, చూడు! ఇదివరకు ఆపగానే పడిపోయేది. ముల్లు కదిలిందా?"

"లేదు," అంది. ఆమె చూస్తున్నది ముల్లును కాదు, అతన్ని.

చాలాసేపటికి అతను మీటరు తీసి, గొట్టం బిగించి, బానెట్ మూశాడు.

"ఇప్పుడు తిప్పు."

ఆమె తిప్పింది. తాళం అలా కదిలిందో లేదో, ఇంజిన్ అందుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

"బ్రహ్మాండంగా ఉంది," అంది. గేరు వేసింది. కారు గేటు వైపు కదిలింది. అత్తగారు నెత్తి కొట్టుకుంది.

"ఆగు!" అని అరిచాడు మెకానిక్.

కారు ఆగింది. అతను పరుగెత్తాడు. భార్య అద్దం దించింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అతను ఆమె వైపు తలుపు తెరిచాడు. అత్తగారు నెత్తి మీది చెయ్యి దించింది. చెల్లెలు రెండడుగులు ముందుకేసింది.

"తలుపు సరిగ్గా పడలేదు," అని, గట్టిగా వేశాడు.