చెవిలో తోడు

కొత్త నటులతో తక్కువ బడ్జెట్‌లో సినిమా తీయబోతున్న దర్శకుడు పుండరీకం, కథ వాళ్ల బతుకుల్లోంచే లాగుదామని వాళ్లను యూసుఫ్‌గూడ గదిలో మిర్చి బజ్జీల ముందు కూర్చోబెట్టాడు.

"మీరు చేసిన వెధవపని ఒక్కటి చెప్పండ్రా!"

ఆ రోజుల్లో ఎవరి చెవిలో చూసినా, ఏం చేయాలో చెప్పే ‘తోడు’ యంత్రమే.

"ప్రేమించబోయాను సార్, తోడు వద్దంది," అన్నాడు చరిత్.

"నేనొకసారి తోడు తీసేసి, దారి తప్పిపోయాను సార్," అంది మేఘమాల.

పుండరీకానికి ప్రాణం లేచొచ్చింది. "ఆ తర్వాత?"

"భయమేసి మళ్లీ పెట్టేసుకున్నా."

"థూ! మీదీ ఒక బతుకేనా? ఎవరో చెబితే తప్ప ముద్ద కూడా మింగరు!" అంటూ పుండరీకం బజ్జీ అందుకున్నాడు.

"నూనె సరుకండీ, వద్దు," అంది అతని చెవిలో తోడు.

పుండరీకం బజ్జీని బుద్ధిగా ప్లేట్లో పెట్టేశాడు.